సుంకులమ్మ ఎండలో చూసిన రంగు

“అక్కా, ఈ పన్ను సచ్చిపోయినట్టేనా? నా బిడ్డకింకా ఏడాది కూడా నిండలేదు!”

“పన్ను సస్తే బిడ్డకేమైతాదమ్మా? నువ్వు గట్టిగానే ఉండావు కదా,” అంది సుంకులమ్మ.

ఎమ్మిగనూరులోని ఆ పళ్ల ఆసుపత్రిలో డాక్టరు తర్వాత డాక్టరంతటిది సుంకులమ్మ. పాతికేళ్లు మగ్గాల నూలుకు రంగులు వేసింది. మోకాళ్లు మొరాయించాక ఇక్కడ చేరింది. పంటికి పెట్టే సిమెంటు ఏ రంగుదో తేల్చాలంటే డాక్టరు ఆమెనే పిలుస్తాడు. ఆమె రకరకాల తెలుపు ఛాయలున్న నమూనా పళ్ల గుత్తి పట్టుకుని మనిషిని వీధి గుమ్మంలోకి లాక్కుపోతుంది. లైటు కింద చూసిన రంగును చచ్చినా నమ్మదు.

ఇప్పుడా గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడింది మహాదేవి, నందవరం బడిలో సైన్సు టీచరు. ఆదివారం పాప మొదటి పుట్టినరోజు, ఫొటోలు తీస్తారు. అందుకని పళ్లను తెల్లబరిచే జెల్లు ఆన్‌లైన్లో తెప్పించి పదిరోజులు పూసుకుంది. పళ్లన్నీ తెల్లబడ్డాయి. ముందు పన్నులో ఆరేళ్ల కిందటి ఫిల్లింగు మాత్రం పసుపు చుక్కలా తేలింది.

“అక్కా, ఆటోవాళ్లు సూస్తాండారు.”

“సూడనీలే, టికెట్టు పెడదామా?” సుంకులమ్మ గుత్తిని ఆమె పెదవి దగ్గరికి తెచ్చింది. “పన్నుకేం కాలేదు. ఫిల్లింగు ఎట్లుండేది అట్లే ఉంది, సుట్టూ ఉండేటివే తెల్లగైనాయి. సీరను బ్లీచింగులో ముంచితే నూలు తెల్లబడతాది, జరీ తెల్లబడతాదా?”

మహాదేవికి సిగ్గేసింది. జెల్లులోని పెరాక్సైడు పంటి మరకల మీదే పనిచేస్తుందనీ, ఫిల్లింగు రంగును మార్చదనీ పిల్లలకు చెప్పగలిగినంత చదువుంది. భయం వచ్చిన పూట అదెక్కడికి పోయిందో!

“అయితే ఇప్పుడే తీసి తెల్లది పెట్టమను.”

“తడి నూలు రంగొకటి, ఆరినాక రంగొకటి. పండ్లూ అంతే. రెండు వారాలు ఆగితే రంగు కుదురుతాది. ఇప్పుడే పెడితే సరిగ్గా అతుక్కోదు గూడా. సారునడుగు.”

“ఆమె మాటే నా మాట. జెల్లు ఆపేయండమ్మా,” అన్నాడు లోపలినుంచి డాక్టరు.

మహాదేవి సుంకులమ్మ చెయ్యి పట్టుకుంది. “మొదటి పుట్టినరోజక్కా. మళ్లా రాదు. ఫొటోల్లో నోరు మూసుకోని ఉండాల్నా?”

సుంకులమ్మ తన నోరు తెరిచి చూపించింది. ముందు రెండు పళ్లు లేవు. “నా కొడుకు పెండ్లి ఫొటోలన్నిట్లో ఈ సందు ఉంది. ఒక్కరూ అడగల్యా. ఎవురన్నా నీ పన్ను పక్క సూస్తే, నువ్వు వాళ్ల పండ్లు సూడు. కండ్లు తిప్పొద్దు. వాళ్లే నోరు మూసుకుంటారు.”

ఆదివారం పాపను ఎత్తుకుని మహాదేవి పళ్లన్నీ కనబడేలా నవ్వింది. “ఏంది వదినా, ఆ పన్ను...” అంటూ ఆడపడుచు దగ్గరికి వంగింది. మహాదేవి ఆమె పళ్లకేసి తేరిపార చూసింది. ఆడపడుచు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కేకు పక్కకు తప్పుకుంది.

రెండు వారాలు ఆగి మహాదేవి ఫిల్లింగు మార్పించుకుంది, రంగు కలిసిపోయింది. అయినా హెడ్మాస్టరు గట్టిగా మాట్లాడడం మొదలుపెడితే చాలు, మహాదేవి ఆయన పళ్లే చూస్తుంది.