గాలిలో తోక ఆడించిన కారవాన్

ఉద్యోగ విరమణకు ముందు సంవత్సరం మార్చిలో నాకు అప్పగించిన పని, గుండె స్కానింగ్ యంత్రాల పెట్టెలున్న, కారు వెనక తగిలించి లాగే పెద్ద కారవాన్‌ను క్లాండాల్కిన్‌ నుంచి కార్క్ నగరానికి చేర్చడం. అక్కడ నర్సులకు శిక్షణ ఇవ్వాలి. నేను సీనియర్ సర్వీస్ ఇంజనీర్‌ను, ప్రయాణానికి బాధ్యుణ్ణి. కారు నడిపేది లావణ్య. కరీంనగర్ నుంచి ఈ దేశం వచ్చిన పిల్ల, ట్రైలర్ లాగడానికి వేరే లైసెన్సు తీసుకున్న ఇంజనీరు. సామాను సర్దించి, కొత్త బండికి పూజ చేసి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి మరీ బయలుదేరింది. నేను దారిలో నేస్ అనే ఊరి దగ్గర ఎక్కాను.

ఆ రోజు పెనుగాలి గురించి వాతావరణ శాఖ పసుపు హెచ్చరిక ఉంది. పసుపైతే వేగం తగ్గించి వెళ్లవచ్చు, నారింజ అయితే బండి కదపకూడదు, ఇది మా నియమం. గాలిలో బండి లాగడమంటే నాకు మొదటి నుంచీ సరదా.

చెట్లు లేని మైదానంలో గాలి పక్కనుంచి కొట్టింది. సరిగ్గా అప్పుడే ఒక లారీ మమ్మల్ని దాటింది. కారవాన్ తోక ఆడించడం మొదలుపెట్టింది. ఒక ఊపు, అంతకంటే పెద్ద ఊపు, కారు వెనక భాగాన్నే ఈడ్చేస్తోంది. ఇంకాస్త పెరిగితే ఇద్దరమూ బోల్తా. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా నిజం చెబుతున్నాను, అంత హుషారు నాకు ఏళ్ల తరబడి కలగలేదు.

లావణ్య కాలు బ్రేకు వైపు వెళ్లింది.

"బ్రేకు వద్దమ్మా. యాక్సిలరేటర్ వదిలెయ్. స్టీరింగ్ తిన్నగా పట్టుకో," అన్నాను.

గట్టిగా బ్రేకు వేస్తే కారవాన్ కారును తోసుకుంటూ అడ్డం తిరుగుతుంది. ఆమె మాట విన్నది. వేగం తగ్గేకొద్దీ ఊపులు చిన్నవై బండి లొంగింది.

సర్వీస్ స్టేషన్‌లో ఆపి తలుపు తీశాను. ముందు వైపు అరలో వినాయకుడు ఒక్కడే హాయిగా కూర్చున్నాడు. యంత్రాల పెట్టెలన్నీ వెనక గోడకు చేరాయి.

"దేవుని ముంగట బరువులు వద్దని ఎనకకు జరిపించిన సార్," అంది లావణ్య.

"విఘ్నాలు తీర్చేవాడికే విఘ్నం తెచ్చిపెట్టావు తల్లీ," అన్నాను. ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

బరువు వెనకపడితే కారు కొక్కెం మీద భారం తగ్గి, బండి ముందు భాగం తేలి, తోక ఊగుతుంది. పెట్టెలను ఇరుసు మీదికి, కొంచెం ముందుకు జరిపి, నేలకు బిగించి కట్టాం. కొక్కెం కింద తూకం పెట్టి చూసుకున్నాం. దేవుణ్ణి కారు డాష్‌బోర్డు మీదికి మార్చాం. నేను నడపనా అని అడిగాను.

"ఐ యామ్ గ్రాండ్ సార్, నేనే నడుపుత," అంది, బాగానే ఉన్నానని ఇక్కడివాళ్లు చెప్పే తీరులో.

గాలి ఏమాత్రం తగ్గలేదు. కారవాన్ మాత్రం కార్క్ దాకా దూడలా వెంట వచ్చింది.

సర్దినవాళ్ల కంటికి తమ సర్దుబాటు ఎప్పుడూ సవ్యంగానే కనిపిస్తుంది. అందుకే ఆ తర్వాత ఒకరు సర్దితే రెండోవారు తలుపు తీసి చూడాలని నియమం పెట్టాను. నేను సర్దినదాన్ని లావణ్య రెండుసార్లు విప్పించింది.