కొండ కదిలిందట

ప్రెస్సులో అందరూ ఆమెను ఎదురుగా మేడమ్ అంటారు, వెనకాల చాదస్తం మేడమ్ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ పట్టించుకోదు. కేలండర్లు అచ్చువేసే ఆ ప్రెస్సు మేడమీద, కాగితం కట్టల మధ్య ఇరికించిన బల్ల దగ్గర కూర్చుని, కొండలూ నీళ్ళూ ఉన్న ఫోటోలను అచ్చుకు తయారుచేయడం ఆమె పని. జుట్టు సగం నెరిసింది, కళ్ళజోడు అద్దాలు మందమయ్యాయి, పని మాత్రం మారలేదు.

చెప్పుకోవడానికి తేలికైన పనే. పొద్దున్నే ఆకాశం వెలిగిపోతూ ఉంటుంది, నేల ఇంకా చీకట్లోనే ఉంటుంది. మన కన్ను రెండింటికీ సర్దుకుపోతుంది, కెమెరాకు ఆ తెలివి లేదు. ఆకాశం బాగా వస్తే నేల బొగ్గవుతుంది, నేల బాగా వస్తే ఆకాశం సున్నం కొట్టిన గోడవుతుంది. అందుకని ఒకేచోటు నుంచి మూడు ఫోటోలు తీస్తారు: ఒకటి చీకటిగా, ఒకటి మధ్యస్థంగా, ఒకటి బాగా వెలుతురుగా. ఆమె ఆ మూడింటినీ కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పరిచి, చీకటిదాంట్లోంచి ఆకాశాన్ని, వెలుతురుదాంట్లోంచి నేలను పైకి తెచ్చి, కొండ అంచు వెంబడి మౌసుతో నెమ్మదిగా రుద్దుకుంటూ అతుకు కనపడకుండా కలుపుతుంది. ఒక్క మీట నొక్కితే కంప్యూటరే కలిపేస్తుంది కదా అని యజమాని అప్పుడప్పుడూ గొణుగుతాడు. అలా కలిపితే చెట్లు ప్లాస్టిక్ చెట్లలా ఉంటాయని ఆమె కూడా గొణుగుతుంది. చివరికి ఆమె మాటే నెగ్గుతుంది.

ఫోటోలు తీసేది బావ కాకపోతే ఆమె బతుకు హాయిగా వెళ్ళిపోయేది.

బావ అంటే అక్క మొగుడు. ఆమె రెండు జడలతో బడికి వెళ్ళే రోజుల్లోనే వాళ్ళింటికి అల్లుడై వచ్చాడు. అప్పటినుంచీ ఒకరు ఎడ్డెమంటే ఇంకొకరు తెడ్డెం. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక బావ స్టూడియో మూతపడింది. మిగిలింది ఈ కేలండరొక్కటే. అచ్చయి రాగానే దాన్ని చంకలో పెట్టుకుని చుట్టాల ఇళ్ళన్నీ తిరిగి, "ఇది మనదే" అని గోడకు తనే మేకు కొట్టి తగిలించి వస్తాడు.

అలాంటి మనిషి ఏడాదిగా పంపుతున్న ఫోటోలు ఒకదానిమీద ఒకటి కూర్చోవడం లేదు. కొండ అంచుకు పక్కనే ఇంకో అంచు. చెట్టుకు పక్కనే దాని దయ్యం. మధ్యలో తెల్లటి దారంలాంటి గీత, ఎంత రుద్దినా పోదు. పోనీ జరిపి కూర్చోబెడదామంటే, విడివిడిగా చూసినా ఒక్కొక్కటీ అలికేసినట్టు ఉంటోంది. ఒక్క కొండ అంచుతోనే రోజంతా గడిచిపోతోంది. మెడ పట్టేసి, కళ్ళు మండి, ఆమె పళ్ళు నూరుకుంటూ ఫోన్ తీసేది.

"బావా, స్టాండు మీద పెట్టే తీశావా?"

"పెట్టే తీశానే."

"మరి చెట్లన్నీ రెండేసి ఎందుకున్నాయి?"

"గాలి. పొద్దున్నే ఆనకట్ట మీద గాలి ఎలా కొడుతుందో నీకేం తెలుసు, ఫ్యాను కింద కూర్చునేదానివి."

"గాలికి చెట్లు ఊగుతాయి, ఒప్పుకుంటా. కొండ కూడా ఊగిందా?"

"ఏమో, కదిలిందేమో" అని పెట్టేశాడు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. స్టాండు బరువని ఇంట్లో పడేసి, ఏ గోడకో ఆనుకుని తీసేసి, పైగా కొండమీదికి నెడుతున్నాడు. సాయంత్రం నేరుగా అక్క ఇంటికి వెళ్ళి, "నీ మొగుడికి బద్ధకం నెత్తికెక్కింది" అంది. మామూలుగా అయితే అక్క గరిటె పుచ్చుకుని మీదికొచ్చేది. ఆ రోజు వంటింట్లోంచి బయటికి కూడా రాలేదు. "తిట్టేదేదో ఆయన్నే తిట్టు, నాకెందుకు చెబుతావు" అంది, అంతే.

ఈలోగా యజమాని మేడమీదికి వచ్చాడు. అతను మెట్లెక్కి వచ్చాడంటేనే కొంప మునిగినట్టు.

"మీ బావగారని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను మేడమ్. అట్ట మీదికి బొమ్మ ఈ వారంలో సరిగ్గా రాకపోతే, ఇకనుంచి వేరే మనిషితో తీయించుకుంటాను. ఆయనతో మీరే చెప్పండి."

చెప్పడమంటే మాటలా? ఆ కేలండర్ లేకపోతే బావ ఏమైపోతాడో ఆమెకు తెలుసు. అందుకే కోపం రెట్టింపైంది. చేతకాక పోగొట్టుకుంటే జాలిపడొచ్చు, బద్ధకంతో పోగొట్టుకునేవాణ్ణి ఏం చెయ్యాలి? రెడ్ హ్యాండెడ్‌గా పట్టుకుని, అక్కడే నాలుగు దులిపి, దగ్గరుండి తీయిస్తే తప్ప లాభం లేదనుకుంది.

మర్నాడు తెల్లవారకముందే అక్క ఇంటి ముందు స్కూటర్ ఆపింది. ఆమెను చూసి బావ ముఖం మాడింది. వద్దన్నాడు, చలన్నాడు, పామో పురుగో ఉంటుందన్నాడు. ఆమె కదలకపోయేసరికి, "అయితే నువ్వే నడుపు, నాకు నిద్రమత్తుగా ఉంది" అని వెనక ఎక్కాడు.

ఆనకట్ట మీద బావ స్టాండు విప్పాడు. కాళ్ళు మట్టిలోకి దిగేలా నొక్కాడు. గాలికి కదలకుండా సంచీనిండా రాళ్ళు వేసి మధ్యలో వేలాడదీశాడు. పట్టుకుందామని వచ్చిన తప్పు కనపడకపోయేసరికి ఆమెకు మరింత చిరాకేసింది. ఫ్లాస్కులోంచి టీ వంపి అందిస్తే, తీసుకోకుండా "అక్కడ పెట్టు" అన్నాడు. తీస్తున్నంతసేపూ ఆమెకు వీపు పెట్టే నిలబడ్డాడు. ఏం దాస్తున్నాడో చూద్దామని ఆమె పక్కకి వచ్చింది.

కుడిచెయ్యి పైకి లేస్తోంది. బొటనవేలూ చూపుడువేలూ కనపడని బఠాణీ గింజనేదో నలుపుతున్నట్టు కదులుతున్నాయి. ఎడంచేత్తో ఆ మణికట్టు గట్టిగా పట్టుకుని, వెలుతురు మార్చే చక్రం మీద వేలు ఆనించాడు. స్టాండు వణికింది. కింద రాళ్ళ సంచీ కూడా ఊగింది.

"ఎప్పట్నుంచి బావా?"

అతను ఉలిక్కిపడి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. "పోయిన వానాకాలం నుంచి."

"కెమెరాయే వరసగా మూడూ తీసుకునే ఏర్పాటుంది కదా! చెయ్యి తగలక్కర్లేదుగా!"

"ఉంది. మరి కంప్యూటరే కలిపేసే ఏర్పాటు కూడా ఉంది. నువ్వెందుకు వాడవు?"

"అక్కకి తెలుసా?" అంది.

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిందే తను. పిల్లలకీ తెలుసు."

"అందరికీ తెలుసు, నాకు తప్ప! ఏడాదిగా నోటికొచ్చినట్టు తిడుతుంటే అక్క వింటూ కూర్చుందా?"

"నీకు చెప్పొద్దని నేనే అన్నాను."

"ఎందుకు?"

బావ నీళ్ళవైపు చూస్తూ చెప్పాడు. "ఇంట్లో నన్ను ఎవరూ ఏమీ అనడం లేదే. గ్లాసు జారిపోతే పర్లేదంటారు. గుండీలు తప్పు పెట్టుకుంటే పర్లేదంటారు. నా కొడుకే కదా, వాడు కూడా ఎవరో పెద్దాయనతో మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడుతున్నాడు. నువ్వొక్కదానివే ఫోన్ చేసి కడిగిపారేసేదానివి. పెట్టేశాక ఒళ్ళు తేలికయ్యేది."

మిగతా రెండు ఫోటోలూ తీసి కెమెరా ఆమె చేతికిచ్చాడు. "ఈసారైనా కూర్చుంటాయా?"

ఆమె పెద్దవి చేసి చూసింది. కొండ అంచు మూడింటిలో మూడుచోట్ల ఉంది.

"పర్లేదు బావా. నేను సర్దేస్తాలే."

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. బావ ముఖం చిన్నబోయింది.

"అయిపోయింది. నువ్వూ వాళ్ళలో చేరావు" అన్నాడు. "మీ యజమానితో వేరే మనిషిని చూసుకోమని చెప్పెయ్. అది రాసిపెట్టి ఉన్నదే. నువ్వు కూడా ఇలా..."

మాట పూర్తి చేయలేక స్టాండు ముడవడానికి వంగాడు. కాలి దగ్గర బిగించే గుండీ వేళ్ళకు లొంగడం లేదు. సాయం చేయబోయిన తన చెయ్యి మీదే ఆమెకు కోపమొచ్చింది. దాచిన అక్క మీద, గడువు పెట్టిన యజమాని మీద, ఏడాదిపాటు ఏమీ గమనించని తన మొద్దు కళ్ళ మీద, అన్నిటి మీదా వచ్చింది. చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఎవరు ముడవమన్నారు?" అని అరిచింది. "ఇవి ఫోటోలా? నీళ్ళు సగం కోసేశావు. స్టాండు అంత ఎత్తున ఎవడైనా పెడతాడా? ఒక్కటీ పనికిరాదు. మళ్ళీ తియ్యి."

బావ తలెత్తి చూశాడు. "పొద్దెక్కుతోంది, ఈ వెలుతురు పోతోందే."

"పోతే రేపు మళ్ళీ తగలడదాం. ముందు దాన్ని కిందికి దించి తియ్యి."

ఆమె గొంతు తగ్గించలేదు. బావ మళ్ళీ వంగి, స్టాండు కాళ్ళు పొట్టి చేసి బిగించడం మొదలుపెట్టాడు. చాలాసేపు పట్టింది. ఆఖరి గుండీ పడేదాకా ఆమె చేతులు కట్టుకుని, పక్కనే నిలబడి, తిడుతూనే ఉంది.