జర్మీనా ఆపిన చోటు

అఫ్ఘానిస్తాన్‌లో ఆ లోయలో దిగేసరికి పొద్దు బాగా ఎక్కింది. ఎండ ఉన్నా గాలి కోస్తోంది. ఒంటి మీద కవచం, వీపున మందుల సంచి. అమెరికన్ ఆర్మీలో మా దళానికి నేను మెడిక్‌ని. మధ్యాహ్నంలోగా ఊరు చేరాలని ఆర్డర్. ఆ చలికాలమంతా ఊరు సాయుధుల చేతిలో ఉంది. బడికి తాళం వేశారు. మేం వస్తున్నామని తెలిసి కొండల్లోకి వెళ్లిపోయారు.

వాగు పక్క దారిలో పదేళ్ల పిల్ల మాకు అడ్డం నిలబడింది. వెనక మేకలు. రెండు చేతులూ చాపింది.

"తప్పుకోమను," అన్నాడు సార్జెంట్.

దుబాసీ చెప్పాడు. ఆమె కదల్లేదు. ఏదో గట్టిగా అంది.

"అడుగు వేయొద్దంటోంది. కింద బాంబు ఉందట."

సార్జెంట్ రేడియో అందుకున్నాడు. "ఎక్కడివాళ్లు అక్కడే ఆగండి."

మందుపాతరలు తీసే సైనికుడు బోర్లా పడుకుని మట్టి గీకాడు. పసుపుపచ్చ డబ్బా అంచు కనిపించింది.

ఆమె పేరు జర్మీనా. మిగతాది వాళ్లింట్లో టీ తాగుతూ విన్నాం. సాయుధులు బాంబులు పాతడానికి గోతులు తవ్వేటప్పుడు మేకలు కాసే పిల్లలు చూస్తున్నా లెక్కచేయలేదు. జర్మీనా తమ్ముడి కాలు పోయాక పిల్లలంతా కూడబలుక్కున్నారు. తవ్విన ప్రతిచోటా వాల్‌నట్ డొల్లలు చల్లారు. ఊరివాళ్లు అవి చూసి పక్కనుంచి నడిచేవారు. ఒకరోజు సాయుధులకు అనుమానం వచ్చి జర్మీనాను కొట్టారు.

"ఏం చెప్పావు?" అని అడిగించాను.

"తిన్నాం, పారేశాం అన్నాను." నవ్వింది. ముందుపన్ను సగం విరిగి ఉంది.

ఊరి పక్కనే మా పోస్టు పెట్టాం. ఆ వేసవంతా ఆమె తమ్ముడికి కట్టు మార్చడానికి వెళ్లేవాణ్ని. ఆమెను "తల్లీ" అని పిలిచేవాణ్ని. అది నా పేరే అనుకుందేమో, నన్ను చూడగానే "తల్లీ! తల్లీ!" అంటూ ఎదురొచ్చేది.

చలి మొదలవకముందే పోస్టు ఖాళీ చేయమన్నారు. తర్వాత ఆ లోయ మళ్లీ సాయుధుల చేతికే పోయిందని విన్నాను.

ఇప్పుడు అమెరికాలో, ఇర్వింగ్ అనే ఊళ్లో ఉంటున్నాను. మొన్న మా తెలుగు చర్చిలో పిల్లలకు ఇదంతా చెప్పాను. ఒక పాప అడిగింది. "అంకుల్, షీ ఈజ్ ఓకే? ఇప్పుడు ఎక్కడుంది?"

"తెలీదమ్మా."

"మీరు కాల్ చేయచ్చు కదా?"

ఎక్కడికని చేయను? బతికి ఉంటే ఈపాటికి పెద్దదై ఉంటుంది. కానీ నా కళ్లలో ఉన్నది ఆ చివరి రోజు జర్మీనాయే. హెలికాప్టర్ లేపిన దుమ్ముకు అందరూ ముఖాలు తిప్పుకున్నారు. ఆమె తమ్ముణ్ని శాలువాలోకి లాక్కుని కప్పింది. తను మాత్రం కళ్లు మూయలేదు. మేం కనిపించినంతసేపూ పైకి చూస్తూనే ఉంది.