నొప్పి లేదన్న సుబ్బయ్య గారు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, మిరప కోతల రోజులు. దర్శిలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా డ్రెస్సింగ్ రూము చూసేదాన్ని. గాయాలు కడిగి కట్టు కట్టడం పని. చేరి ఏడాది కూడా కాలేదు. తిట్టేవాళ్ళకు కొదవ లేదు, మెచ్చుకునే నాథుడే లేడు.

అప్పుడు వచ్చారు సుబ్బయ్య గారు. అరవై దాటిన రైతు, పాత షుగర్ పేషెంటు. పత్తి చేలో మోడు గుచ్చుకుని కాలి బొటనవేలి కింద పుండు పడింది. నేను చీము తీస్తుంటే ఆయన ఫ్యాను వైపు చూస్తూ కబుర్లు చెప్పారు.

"ఏం హస్తవాసి నర్సమ్మా నీది! చెయ్యేసినట్టే తెలియలా."

మా వైపు హస్తవాసి అంటే చిన్న మాట కాదు. ఫలానా వాళ్ళ చెయ్యి మంచిదని పక్క మండలం నుంచి వచ్చి మరీ సూది వేయించుకుంటారు. ఆయన నా చెయ్యి సంగతి వరండాలో అందరికీ చెప్పారు. వారం తిరిగేసరికి "ఆ అమ్మాయే కట్టాలి" అనేవాళ్ళు తయారయ్యారు. నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

డాక్టరు గారు ఒకసారి "ఆ పుండు నేను చూడనా?" అంటే, "మానుతోందండీ, నేను చూసుకుంటాను" అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడో వారం వేలు నల్లబడింది. డాక్టరు గారు ఆయన్ని కళ్ళు మూసుకోమని, మోనోఫిలమెంట్ అనే సన్నటి నైలాన్ పోగుతో అరికాలంతా తాకుతూ, ఎక్కడ తగిలిందో చెప్పమన్నారు.

"ఇంకా మొదలెట్టలేదాండీ?" అని అడిగారు సుబ్బయ్య గారు.

షుగర్ వల్ల నరాలు మొద్దుబారితే అంతే. నేను చదివిన పాఠమే, పరీక్షలో రాశాను కూడా. నా చేతి చలవ అనుకున్నది ఆయన జబ్బు.

గుంటూరులో వేలు తీసేశారు. కాలు దక్కింది. కట్టు మార్పించుకోవడానికి మళ్ళీ నా దగ్గరికే వచ్చారు. ఉండబట్టలేక అడిగాను.

"నన్నెందుకు అంతలా పొగిడారండీ?"

"అబద్ధం చెప్పలా తల్లీ. నొప్పి లేదు, లేదనే చెప్పా. ఆ మాట వింటే నీ మొహం వెలిగిపోయేది. అందుకని వచ్చినప్పుడల్లా చెప్పా."

నిజమే చెప్పిన మనిషిది ముఖస్తుతి ఎలా అవుతుంది? కాదంటే, నేను ఉబ్బిపోయింది దేనికి? ఆయన మీద కోపం తెచ్చుకోవాలో, ఆయన కాళ్ళ మీద పడాలో తెలియక ఆ రోజు కట్టు రెండుసార్లు విప్పి కట్టాను. నాకు ఇప్పటికీ తేలలేదు.

ఒక్కటి మాత్రం నేర్చుకున్నాను. నా హస్తవాసి మంచిదని ఎవరైనా అంటే, ముందు వాళ్ళను కళ్ళు మూసుకోమంటాను.