పుట్టి కింద కట్టిన రాళ్లు

నేను ఐదో తరగతి దాకే చదివాను. ఇంతవరకు ఏదీ రాయలేదు. తెలిసినంతలో చెప్తాను.

మాది నల్లగొండ జిల్లాలో, డ్యాం వెనుక నిలిచిన కృష్ణ నీళ్ల ఒడ్డు. చేపలు పట్టి బతుకుతాం. మా దగ్గర మొగుడు వల వేస్తే పెళ్లాం పుట్టి నడుపుతుంది. పుట్టి అంటే వెదురుతో అల్లి, అడుగున తారు పూసిన గుండ్రటి పడవ. ఇద్దరం ఒకే పక్కకు ఒరిగితే తిరగబడుతుంది. నాకు ఈత రాదు. మా ఆయనకు ఎప్పుడూ అదే భయం.

తెలంగాణ వచ్చాక పట్నం సారు ఒకాయన ఒడ్డున గెస్ట్‌హౌస్ కట్టి, సరదాకు తెరచాప పడవ తెచ్చాడు. దాన్ని నీళ్లలోకి దించడానికి మా ఆయన్ని పిలిచేవాడు. ఓ రోజు మా ఆయన ఇంటికి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా మొదలుపెట్టాడు.

"దాని కింద ఇనుప రెక్క ఉన్నదే. రెక్క కొసకు సీసం గడ్డ. గాలికి గింత వంగుతది, మళ్ల లేస్తది. బోర్ల పడదు."

"అయితే మనకేంది?"

"నువ్వు మునగవు. గదీ."

మర్నాడే సిమెంటు సంచుల్లో రాళ్లు నింపి పుట్టి అడుగున కట్టాడు. పక్క పుట్టి ఆయన నవ్వాడు.

"ఏం బావా, పుట్టి కడుపుతోని ఉన్నదా?"

"నవ్వు, నవ్వు. నువ్వెందుకు కట్టలేదని రేపు నీ పెండ్లామే తిడ్తది."

మా ఆయన పుట్టిని నీళ్లలోకి దించి, అంచు దగ్గర నిలబడి చూపించాడు. నిజంగానే తిరగబడలేదు. కానీ పుట్టి బాగా కిందికి దిగింది. నీళ్లు అంచుకు జానెడు దూరంలో ఉన్నాయి.

కొన్నాళ్లకు నాకు జ్వరం వచ్చి ఇంట్లో పడుకున్నాను. ఆయన ఒక్కడే పోయాడు. మధ్యాహ్నం గాలి లేచింది. అలలు పుట్టిలోకి దూకడం పక్క పుట్టి ఆయన చూశాడు. మామూలు పుట్టి నీళ్లు నిండినా తేలుతుంది, పట్టుకుని ఉండొచ్చు. ఇది రాళ్లతో అడుక్కి పోయింది. మా ఆయనకు ఈత వచ్చు. కానీ కాళ్లకు వల చుట్టుకుంది.

ఆయన పోయిన మూడొద్దుల నాడు సారు మా ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా పడవ పైన మూసి ఉంటదమ్మా. నీళ్లు పడ్డా జారిపోతయి. అందుకే కింద అంత బరువున్నా మునగదు. పుట్టికి పైన మూత లేదు గదా."

"గీ మాట ఆయనకు చెప్పిన్రా సారూ?"

"అడగలేదమ్మా. కింద ఏమున్నదని అడిగిండు. చూపించిన."

సారు పోయాక నీళ్ల దగ్గరికి వెళ్లాను. మా మరిది తన పుట్టిని బోర్లించి పెట్టాడు. దానికీ అడుగున సంచులున్నాయి. అన్నను చూసి కట్టుకున్నాడు. కొడవలితో ఆ తాళ్లు కోయడం మొదలుపెట్టాను. మరిది పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"చెయ్యి తెగుతది వదినా. ఇటియ్యి, నేను కోస్తా."

కొడవలి ఇవ్వలేదు. చివరి తాడు దాకా నేనే కోశాను.