రాజు వేషం పక్కన అంటించిన పేరు

పాత నాటకాల కరపత్రాల్లో దొరికే మాటల మీద ఇష్టంతోనే ఈ పనికి ఒప్పుకున్నాను. టిక్కెట్లకు "నేల, బెంచీ, కుర్చీ" అనీ, చివర "తప్పక దయచేయండి" అనీ రాసేవారు. మా ఎం.ఏ. పాఠాల్లో ఇవి రావు. వన్ టౌన్‌లో బట్టల వ్యాపారి వీరభద్రంగారి దగ్గర ఇలాంటివి ఒక ట్రంకు పెట్టె నిండా ఉన్నాయని, కాలేజీ ఆర్కైవ్ కోసం స్కాన్ చేసి రమ్మని మా మేడమ్ పంపించారు. "ప్రతి పేరునూ అనుమానించు. ఒకసారి ఆర్కైవ్‌లోకి ఎక్కితే తప్పు కూడా చరిత్రే అయిపోతుంది" అన్నారు.

పటమటలో ఎనిమిదిన్నరకు బస్సెక్కి, మార్కెట్ దగ్గర దిగి ఆటో మాట్లాడుకున్నాను. నలభై రూపాయలు. ఒళ్లో స్కానర్ చూసి డ్రైవరు ఆరా తీశాడు. "నాటకాల కాయితాలా! మా తాత వాటిల్లో పకోడీలు కట్టించుకొచ్చేవాడంటమ్మా" అని నవ్వాడు. తోపుడుబళ్లు అడ్డం రావడంతో చివరి సందు నడవాల్సి వచ్చింది.

వీరభద్రంగారికి డెబ్బై దాటి ఉంటాయి. "ఇదివరకు ఒకాయన ఫొటో తీసి ఇస్తానని పట్టుకెళ్లాడు. ఇంకా తీస్తూనే ఉన్నాడు. ఒక్క కాయితం గడప దాటదమ్మాయ్" అని, గోడౌన్లో నా ఎదురుగా కుర్చీ వేసుకుని నా చేతులే చూస్తూ కూర్చున్నారు.

పదకొండయ్యేసరికి నేనూ ఆయన్ను చూడటం మొదలుపెట్టాను. మూడు కరపత్రాల్లో రాజు వేషం పక్కన ఒకటే పేరుంది, కోటయ్య. మూడు చోట్లా సన్నని చీటీ మీద. నటుడు మారితే అలా అంటించేవారని తెలుసు. కానీ నాటకాలు వేరు, ఒకదాన్ని ఆడించిన నాటక సమాజమే వేరు. వేలితో తడిమాను. పాత అచ్చు కాగితంలోకి దిగి గరుకుగా తగిలింది, ఈ పేరు నున్నగా ఉంది. అంచున మైదా జిగురు ఇంకా తెల్లగా ఉంది. ఫొటో తీస్తానన్నాయన కథ కూడా నిజమేనా అనిపించింది.

ఒంటిగంటకు క్యారేజీ వచ్చింది. గోంగూర పప్పు నాకూ వడ్డించారు. అడగక తప్పలేదు.

"తాతగారూ, కోటయ్యగారంటే ఎవరండీ?"

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "మా నాన్న."

"రాజు వేషం వేసేవారా?"

"తెర లాగేవాడు" అన్నారు. "లైట్లు మోసేవాడు. ఏ కాయితంలోనూ పేరు లేదమ్మా. కంప్యూటర్లో ఎక్కితే చెరగదని మీ మేడమ్ ఫోన్లో అన్నారుగా. మొన్న నెట్ సెంటర్లో అచ్చేయించా."

"చీటీ కింద పేరున్నాయన కూడా ఎవరికో నాన్నే కదండీ."

ఆయన చెయ్యి కడుక్కొచ్చారు. "దూది తడిపి ఇవ్వు. గుడ్డల వాళ్లం, మరక తీయడం మాకు తెలుసు" అని మూడు చీటీలూ చిరగకుండా తనే తీశారు.

ఆర్కైవ్ ఫారంలో వివరాల గడి ఒకటి ఖాళీగా ఉంటుంది. అందులో 'తెర లాగినవారు కోటయ్యగారు. చెప్పినవారు కుమారుడు వీరభద్రం' అని రాసి చదివి వినిపించాను.

"లైట్లు మోసింది రాయవేం?"

రాశాను. "మూడింటికీ ఆయనేనాండీ?"

ఆయన తల దించుకున్నారు. "రెండింటికే. మూడోది వేరే సమాజం."

రెండింటికే ఉంచాను.

ఐదింటికి తిరుగు బస్సులో కూర్చున్నాక కూడా మనసు కుదుటపడలేదు. పెట్టె ఇంకా సగం ఉంది. "మిగతావాటిలో చీటీల్లేవులే" అన్నారు ఆయన. నేను పూర్తిగా నమ్మలేదు. కానీ రేపు నమ్మకపోయినా, ముందు అడుగుతాను. నేరుగా మేడమ్‌కి ఫోన్ చేసి ఉంటే రాజు వేషం వేసినాయన దక్కేవాడేమో, తెర వెనకాయన మాత్రం ఎప్పటికీ దక్కేవాడు కాదు.

మీరూ ఇలాంటి పనికి వెళ్తే, కరపత్రాన్ని స్కానర్ మీద పెట్టేముందు పేర్ల మీద ఒకసారి వేలు నడిపి చూడండి. నున్నగా తగిలిన చోట ఆగండి.