రెండోసారి రానివాళ్లు

తన చేత డైనమో చుట్టించుకున్నవాడు రెండోసారి రాడని చౌడప్పకు గర్వం. ధర్మవరంలో మగ్గం మానుకుని హిందూపురంలో మెకానిక్కయి, పంతొమ్మిది వందల అరవై రెండు నాటికి పన్నెండేళ్లు. నమ్మకం చావని పెనుకొండ నంజిరెడ్డి మాత్రం తన పాత రేసు మోటారుసైకిలును మూడుసార్లు వెనక్కి తెచ్చాడు. దాని డైనమోకు నూలు తొడుగున్న రాగితీగను కొత్తగా చుట్టిన ప్రతిసారీ అది వారానికే మాడిపోయేది, బ్యాటరీ చార్జి కాకుండా పోయేది.

నాలుగోసారి చుడుతుంటే నంజిరెడ్డి పక్కనే కూర్చున్నాడు.

“తీగనేంటికప్పా ఉమ్మితో తడుపుతాండావు?”

చౌడప్ప చెయ్యి ఆగిపోయింది. తెగిన పట్టుపోగును అతికేముందు అట్లా తడపడం ఏడేళ్ల వయసులో నాయన నేర్పిన పని. ఆ తడే నూలులోకి ఇంకి తీగను తినేస్తోంది.

“ఎప్పుడూ ఇట్లనే చేస్తావా?”

చౌడప్పకు రెండోసారి రానివాళ్లంతా ఒక్కొక్కరే గుర్తొస్తున్నారు. వాళ్లలో ఒక్కరి బండీ బాగుపడి ఉండదు.